తాళం వెనకున్న 99 శాతం: మ్యూజియం స్టోర్‌రూములు జనానికి తెరవాలా?

ఇత్తడిదీపం | సోమవారం, రాత్రి 9:12

చిన్నప్పుడు ఒక మ్యూజియంలో ఓడ నమూనా చూశాను. మూరెడు పొడవు, మూడు తెరచాపలు, పక్కల వరసగా గోరంత ఫిరంగులు. నాన్న చెయ్యి విడిపించుకుని మరీ ఆ గాజుపెట్టె ముందు నిలబడిపోయాను. పాతికేళ్ల తర్వాత మొన్న మళ్లీ వెళితే ఓడ లేదు. ఆ చోట టచ్‌స్క్రీన్ ఉంది. గార్డుని అడిగితే "లోపల స్టోర్లో పెట్టేసుంటారు" అన్నాడు. చూడొచ్చా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి చదవడం మొదలెడితే మతిపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులుంటే జనానికి కనిపించేవి 80 వేలు. నూటికి ఒకటి! అమెరికాలోని స్మిత్సోనియన్ అయితే ఆ ఒక్కటి కూడా చూపించదట. మిగతా 99 ఎవరి కోసం దాచినట్టు? అవి ప్రజల సొత్తే కదా. తలుపు తీస్తే పోయేదేముంది? ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి.

సందేహాలరావు | రాత్రి 9:40

తలుపు తీస్తే పోయేది ఏముందా? వస్తువులే పోతాయి.

గాజుగోడ | రాత్రి 10:05

రావు గారూ, ఒక్క ముక్కలో తేల్చేశారు. తలుపు తీసి చూపించినవాళ్లూ ఉన్నారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్లు తమ స్టోర్‌ని కొత్త చోటికి మారుస్తూ, దాన్నే జనానికి తెరిచారు. ఈస్ట్ స్టోర్‌హౌస్ దాని పేరు. 2025 మే 31న మొదలైంది. రెండున్నర లక్షల వస్తువులు, మూడున్నర లక్షల పుస్తకాలు.

నేను వెళ్లాను. కాళ్ల కింద గాజు నేల, దాని కింద ఇంకో అంతస్తు. అక్కడ ఆగ్రా నుంచి వెళ్లిన 17వ శతాబ్దపు పాలరాతి స్తంభాల వరస నిలబెట్టి ఉంది. కిందికి చూస్తే కళ్లు తిరిగాయి, ఎత్తు వల్లో మరి ఆ పాలరాయి అక్కడ కనిపించినందుకో. చుట్టూ ఇనుప ర్యాకులు. కుర్చీ పక్కన కత్తి, కత్తి పక్కన పెట్టె. మామూలు గ్యాలరీలో ఒకదాని మొహం ఒకటి చూసుకోని వస్తువులన్నీ పక్కపక్కనే.

అసలు సంగతి అది కూడా కాదు. ఎవరైనా సరే వెబ్‌సైట్లో వెతుక్కుని ఐదు వస్తువుల దాకా ఎంచుకుని, రెండు వారాల ముందు చెబితే, తెచ్చి బల్ల మీద పెడతారు. పరిశోధకుడివా అని అడగరు, డబ్బు తీసుకోరు. మొదటి నెలల్లో జనం ఎక్కువగా అడిగింది ఏంటో తెలుసా? ఫ్యాషన్ డిజైనర్ బాలెన్సియాగా చేసిన 1954 నాటి గులాబీరంగు పట్టు గౌను.

ఇత్తడిదీపం | రాత్రి 10:11

చూశారా! ఇదే నేననేది.

చెదపురుగు | రాత్రి 11:30

నేను కన్సర్వేటర్ని, వస్తువులు పాడవకుండా చూడ్డమే నా ఉద్యోగం. పేరు చూసి కంగారుపడకండి, శత్రువు పేరు పెట్టుకుంటే జాగ్రత్తగా ఉంటానని పెట్టుకున్నా.

దీపం గారూ, మీ ఓడని నేను చూడలేదు గానీ ఎందుకు తీసేశారో ఊహించగలను. తెరచాప అంటే గుడ్డ. గుడ్డకి మేం ఇచ్చే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). మీరు చదువుకునే బల్ల మీద దానికి పది రెట్లు ఉండొచ్చు. ఆ 50 లక్స్‌లో కూడా రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పెడితే 1,20,000 లక్స్ గంటలు. వెలుతురు చేసే నష్టం అప్పులాంటిది కూడా కాదు, అప్పయితే తీర్చొచ్చు. వెలిసిన రంగు చీకట్లో ఎన్నేళ్లు పెట్టినా తిరిగి రాదు. అందుకే బట్టల్ని కొన్ని నెలలు చూపించి లోపలికి తీసుకుపోతాం.

ఇంకోటి. ఆ గోరంత ఫిరంగులు సీసంవి అయ్యుంటే వాటి రోగం వేరు. కొన్ని రకాల చెక్కలోంచి, ముఖ్యంగా ఓక్ నుంచి, వెనిగర్ ఆవిరి లాంటి ఆమ్లం సన్నగా వస్తూనే ఉంటుంది. గాలాడని గాజుపెట్టెలో అది సీసాన్ని తినేస్తుంది. తెల్లటి పిండి రాలుతుంది. పాత ఓడ నమూనాలకి ఇది పేరుమోసిన జబ్బు. గాజుపెట్టెలో భద్రంగా ఉందని మీరనుకున్న ఓడ ఆ పెట్టె వల్లే చస్తుండొచ్చు.

కాబట్టి "స్టోర్లో పడెయ్యడం" అనకండి, మనసు చివుక్కుమంటుంది. సగం వస్తువులు అక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాయి.

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 7:02

మిగతా సగం?

చెదపురుగు | ఉదయం 7:20

మిగతా సగం గురించి పొద్దున్నే అడక్కండి.

ఎముకలగూడు | ఉదయం 8:15

99 శాతం లెక్కలో ఒక మోసం ఉంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 8 కోట్ల నమూనాలున్నాయి. అందులో పురుగులే కోట్లు. ఒకే జాతి పేడపురుగులు 400 ఉంటే ఆ నాలుగొందలూ మీకు చూపించాలా? అవి చూపించడానికి పోగేసినవి కావు, పోల్చడానికి పోగేసినవి.

ఒక్క ఉదాహరణ. 1950ల నాటికి బ్రిటన్లో డేగల గుడ్లు గూటిలోనే చితికిపోవడం మొదలైంది. ఎందుకో అర్థం కాలేదు. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన మ్యూజియంలలోనూ ఇళ్లలోనూ దశాబ్దాలుగా సొరుగుల్లో పడున్న గుడ్ల పెంకులు తూచాడు, కొలిచాడు. 1940ల చివరినుంచి పెంకు పల్చబడిందని తేలింది. డీడీటీ అనే పురుగుమందు వాడకం మొదలైన కాలమూ అదే. 1967లో అచ్చయింది ఆ పని. 1940లకి ముందు గుడ్లు ఏరినవాళ్లెవరికీ డీడీటీ సంగతి తెలియదు, అసలప్పటికి అది పొలాల్లోకి రానే లేదు. ఆ సొరుగుల్ని ఎవరూ వరసలో నిలబడి చూసి ఉండరు, చూడక్కర్లేదు కూడా.

అలాగని తలుపు మూసెయ్యమనను. బెర్లిన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఆల్కహాల్ సీసాల గది ఉంది. 2,76,000 సీసాలు, అందులో పది లక్షల దాకా చేపలు, పాములు, కప్పలు. గది మధ్యలో సీసాల గోడలు, చుట్టూ అద్దం, ఆ అద్దం బయట మనం. అంత ఆల్కహాలున్న గదిలోకి మనుషుల్ని వదల్లేరు కాబట్టి అలా కట్టారు. పసుపుపచ్చటి వెలుగులో నిలబడితే ఒక్క లేబులు చదవకపోయినా ఒళ్లు జలదరిస్తుంది.

సందేహాలరావు | ఉదయం 9:30

నా గొడవా అదే. ఒళ్లు జలదరిస్తుంది, ఫోటో తీసుకుంటాం, బయటికొస్తాం. ఏం తెలిసింది? న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో 1988 నుంచీ అమెరికన్ కళావస్తువుల స్టోర్ గాజు వెనక చూపిస్తున్నారు. అలమర నిండా కుర్చీలు, అలమర నిండా వెండి చెంచాలు. పక్కన నంబరు. ఆ నంబరు కంప్యూటర్లో కొట్టుకుంటే అదేంటో తెలుస్తుంది. నేనున్న గంటలో ఒక్కరు కొట్టలేదు, నాతో సహా. నలభయ్యో చెంచా దగ్గర నేనూ లెక్క మానేశాను. వందల్లోంచి ఒకటి ఏరి, వెలుగు పెట్టి, నాలుగు మాటలు రాసి పెట్టడం క్యూరేటర్ పని. ఆ పని చెయ్యకుండా అన్నీ చూపించేసి "ఇదుగో పారదర్శకత" అంటే ఎలా?

నూలుపోగు | ఉదయం 11:48

రావు గారూ, చెంచాల దగ్గర మీతో ఏకీభవిస్తాను. కానీ గాజు వెనక చూడ్డం వేరు, అడిగి తెప్పించుకుని చూడ్డం వేరు. ఈ రెండూ కలిపి మాట్లాడుకుంటున్నాం.

నేను నేత మీద పనిచేస్తాను. ఒక పాత గుడ్డ ముక్క ఫోటో ఆరేళ్లు నా గోడకి ఉంది. అందులో ఒక పువ్వు. అది నేతలోనే వచ్చిందో, తర్వాత సూదితో వేశారో ఫోటోలో తేలలేదు. ఎంత పెద్దది చేసి చూసినా తేలలేదు. చివరికి ఆ మ్యూజియానికి రాసి, నాలుగు నెలలు ఆగి, స్టోర్లో ఒక బల్ల ముందు కూచున్నాను. అక్కడి ఆవిడ రెండు చేతుల్తో, పసిబిడ్డని బోర్లించినట్టు, గుడ్డని తిరగేసింది.

వెనక వైపు! పువ్వు అంచు దగ్గర పోగు పైకి లేచి, తేలుతూ, పక్క పువ్వు దాకా పోయి మళ్లీ లోపలికి దిగింది. మగ్గం మీదే వేసిన పువ్వు. ఆరేళ్ల అనుమానం ఆరు సెకన్లలో పోయింది. ఒకచోట నేతగాడు రంగు తప్పి వేరే పోగు వేసి, అది దాచడానికి ముడి కూడా వేసుకున్నాడు. ముందువైపు ఏమీ తెలియదు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత అతని పొరపాటు నాకు దొరికిపోయిందని నవ్వొచ్చింది.

గ్యాలరీలో ఎప్పుడూ ముందువైపే చూపిస్తారు. నాకు కావలసిన స్టోర్ అంటే వెనకవైపు చూడనిచ్చే చోటు.

గాజుగోడ | మధ్యాహ్నం 12:10

ఇది చదివి లేచి నిలబడ్డాను.

రిజిస్టర్‌రాత | మధ్యాహ్నం 2:25

అందరూ తలుపు దగ్గరే ఆగిపోయారు. నేను ముప్పయ్యేళ్లు అక్సెషన్ రిజిస్టర్లు (మ్యూజియానికి వచ్చిన ప్రతి వస్తువునీ నమోదు చేసే పుస్తకాలు) రాసినవాణ్ణి, రిటైరయ్యాను. నా బాధ వేరు.

నూలుపోగు గారికి ఆ గుడ్డ ఎందుకు దొరికింది? దానికి నంబరుంది, ఆ నంబరు ఎదురుగా ఏ గది, ఏ ర్యాకు, ఏ సొరుగు అని రాసుంది కాబట్టి. లండన్‌లో ఐదు వస్తువులు ఎంచుకోగలుగుతున్నారంటే వెబ్‌సైట్లో జాబితా ఉంది కాబట్టి. జాబితా లేని చోట తలుపు ఎంత బార్లా తీసినా లోపల కనిపించేది సామానే.

మా రంగంలో వస్తువు పాడవడానికి పది కారణాలు చెబుతారు. కెనడా కన్సర్వేషన్ సంస్థ వాళ్లు చేసిన పట్టిక అది. నిప్పు, నీళ్లు, దొంగలు, పురుగులు, వెలుతురు, తేమ... ఇవన్నీ ఎవరైనా చెప్పగలిగినవే. పదిలో ఒకటి మాత్రం వస్తువుకీ దాని వివరానికీ సంబంధం తెగిపోవడం. లేబులు ఊడిపోతుంది, అంతే. వస్తువు నిక్షేపంలా ఉంటుంది. కానీ ఎవరిదో, ఎక్కడిదో, ఎప్పుడొచ్చిందో పోయింది. అది చావే.

నా మొదటి ఏడాదిలో స్టాక్ వెరిఫికేషన్ చేస్తుంటే ఒక చెక్కపెట్టె బయటపడింది. అందులో 31 మట్టిముద్రలు. ఒక్కదానికీ నంబరు లేదు. రిజిస్టర్లో మాత్రం ఒకచోట "మట్టిముద్రలు, 34" అని ఒకే వరస, ఒకే నంబరు. ఇవి అవేనా? అవే అయితే మూడు ఏమయ్యాయి? అసలు మొదటే 31 వస్తే రాసినవాడు తప్పు లెక్కపెట్టాడా? నా రిటైర్మెంటు రోజుకీ జవాబు లేదు. మా పైవాళ్లు "పెట్టె మూసెయ్, ఇప్పుడెందుకు" అన్నారు. మూశాను. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

బ్రిటిష్ మ్యూజియం కథ చూడండి. 2023 ఆగస్టులో సుమారు 2,000 వస్తువులు పోయాయి, పాడయ్యాయి అని వాళ్లే చెప్పారు. చిన్న చిన్న చెక్కిన రత్నాలు, నగల ముక్కలు. ఎక్కువభాగం సరిగా నమోదు కానివి. అందులో కొన్ని ఇంటర్నెట్ వేలంలో అమ్మకానికి వచ్చాయి. అది కనిపెట్టింది లోపలి ఆడిట్ కాదు, బయటి పురావస్తువుల వ్యాపారి ఒకాయన. 2021లోనే హెచ్చరిస్తే వినలేదు. చివరికి డైరెక్టర్ రాజీనామా చేశారు, మొత్తం సేకరణని ఐదేళ్లలో ఆన్‌లైన్లో పెడతామని మ్యూజియం ప్రకటించింది. రావు గారూ, మీరు మొదట్లో "వస్తువులే పోతాయి" అన్నారు. అక్కడ జనం వచ్చి ఎత్తుకుపోలేదు, స్టోర్ మూసే ఉంది. మ్యూజియం తొలగించింది తన ఉద్యోగినే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జాబితా ఉంటే కనీసం ఏం పోయిందో తెలుస్తుంది.

సందేహాలరావు | మధ్యాహ్నం 3:00

ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గుతున్నా. చెంచాల విషయంలో తగ్గను.

కొండగాలి | సాయంత్రం 5:36

ఆలస్యంగా వచ్చాను. అందరూ "చూడ్డం మంచిదే, వీలవుతుందా లేదా" అనే అనుకుంటున్నారు. కొన్ని చూపించకూడనివి కూడా ఉంటాయి. ఆస్ట్రేలియా ఆదివాసుల పవిత్ర వస్తువులు కొన్ని, దీక్ష తీసుకున్నవాళ్లు తప్ప చూడకూడనివి. అస్థికల సంగతి సరేసరి. అమెరికాలో 2024 జనవరిలో కొత్త నియమాలొచ్చాయి, ఆదివాసుల పవిత్ర వస్తువుల్లాంటివి ప్రదర్శించాలంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలని. ఆ నెలలోనే న్యూయార్క్ అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ రెండు పెద్ద హాళ్లు మూసేసింది. "ప్రజల సొత్తు" అన్నప్పుడు ఏ ప్రజలు అని కూడా అడగాలి కదా.

దీనికి తిరుగువైపు కూడా ఉంది. ఆ వస్తువులు ఎవరివో వాళ్లకి, తమ తాతల సామాను ఏ మ్యూజియం సొరుగులో ఉందో తెలియాలంటే స్టోర్ తెరవాల్సిందే. కెనడాలోని వాంకూవర్‌లో యూనివర్సిటీ మ్యూజియం ఆఫ్ ఆంత్రోపాలజీ 1976లో కొత్త భవనం కట్టినప్పుడే స్టోర్‌ని జనం మధ్యలో పెట్టింది. సొరుగులు ఎవరైనా లాగి చూసుకోవచ్చు, పైన పారదర్శకమైన మూత ఉంటుంది.

చెదపురుగు | సాయంత్రం 6:10

కొండగాలి గారి మాటకి ఒక చేదు తోక. పాతకాలపు జంతు చర్మాలకీ ఈకల కిరీటాలకీ పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్లు, పాదరసం మందు, తర్వాత డీడీటీ. అది అలాగే ఉంది. మా వాళ్లు గ్లోవ్స్ వేసుకునేది వస్తువుకి చెమట అంటకూడదని మాత్రమే కాదు. సొంత సమాజానికి తిరిగిచ్చిన ముసుగుని వాళ్లు మొహానికి పెట్టుకుంటే? ముందే పరీక్ష చేసి చెప్పాలి.

జనం వచ్చే స్టోర్లో నాకున్న ఇంకో భయం బట్టల చిమ్మట. కోటులో ఒక గుడ్డు చాలు. అందుకే కొత్తగా లోపలికొచ్చే ఉన్ని వస్తువుని సంచిలో కట్టి మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్లో మూడు రోజులు పెడతాం. మనుషుల్ని అలా పెట్టలేం కదా.

గాజుగోడ | సాయంత్రం 6:45

హహ. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో బోయిమాన్స్ మ్యూజియం డిపో (వాళ్ల కొత్త స్టోర్) కట్టినప్పుడు ఇదే సమస్యకి ఒక దారి వెతికారు. 2021 నవంబర్లో తెరిచారు. పెద్ద అద్దాల గిన్నెలా ఉంటుంది, చుట్టూ ఉన్న ఊరంతా దాని మీద వంకర్లుపోతూ కనిపిస్తుంది. లోపల 1,51,000 వస్తువులు. వాటిని కాలాన్నిబట్టో చిత్రకారుణ్ణిబట్టో సర్దలేదు. ఏ పదార్థానికి ఎంత చలి, ఎంత తేమ కావాలో దాన్నిబట్టి సర్దారు. లోహాలు ఒకచోట, రంగు ఫోటోలు ఒకచోట. ఎవరూ పేర్లు చెప్పుకోని చిత్రం, మహా చిత్రకారుడి పక్కనే. స్టోర్ గదుల్లోకి గైడుతో చిన్న గుంపులుగా వెళ్లాలి, కాసేపట్లో బయటికొచ్చెయ్యాలి.

వాళ్ల పాత స్టోర్ నేలమాళిగలో ఉండేది, వరద భయం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం కూడా సెన్ నది పొంగుతుందని భయపడే ఉత్తర ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో కొత్త స్టోర్ కట్టుకుంది, 2019లో. కాకపోతే అది సందర్శకుల కోసం కాదు. స్టోర్ తెరిచినవాళ్లలో కొందరు ఏదో ఒక కారణంతో ఇల్లు మారుస్తూ, ఎలాగూ మారుస్తున్నాం కదా అని తలుపు గురించి ఆలోచించినవాళ్లే.

సందేహాలరావు | రాత్రి 8:20

గాజు గిన్నెలు డబ్బున్నవాళ్ల ముచ్చట. చిన్న మ్యూజియం, ఇద్దరు ఉద్యోగులు, కారే పైకప్పు. వాళ్లేం తెరుస్తారు?

రిజిస్టర్‌రాత | రాత్రి 8:55

మంచి ప్రశ్న. ఇక్రోమ్ అనే అంతర్జాతీయ సంస్థ సరిగ్గా వాళ్ల కోసమే రీ-ఆర్గ్ అనే పద్ధతి తయారుచేసింది. కొత్త భవనం అడగదు. ఉన్న గదిలోనే సర్దుకోమంటుంది. అందులో నాకు నచ్చిన కొలమానం ఒకటుంది: ఏ వస్తువు తియ్యాలన్నా రెండిటికి మించి పక్కకి జరపాల్సి రాకూడదు. మీ ఇంటి అటక మీద ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

అది అయ్యాక నెలకోసారి పదిమందిని లోపలికి తీసుకెళ్లడానికి గాజు గిన్నె అక్కర్లేదు. అసలు మా దగ్గర స్టోర్ సర్దడం మొదలైంది ఎప్పుడో తెలుసా? ఎవరో పరిశోధకుడు ఫలానా శిల్పం చూడాలని రాసి, అది మాకు దొరక్క, పైవాళ్ల పరువు పోయినప్పుడు. అడిగేవాడు లేని స్టోర్ ఎప్పటికీ సర్దుకోదు. దీపం గారూ, ఆ ఓడ కోసం రాయండి. గార్డుని కాదు, క్యూరేటర్‌ని అడగండి. "పాత ఓడ" అని రాస్తే చెత్తబుట్టే. నంబరుంటే నంబరు, లేదంటే ఏ సంవత్సరం, ఏ గది, ఏ మూల, ఎంత పొడవు. ఫోటో ఉంటే మహాభాగ్యం.

ఇత్తడిదీపం | బుధవారం, రాత్రి 10:30

ఇవాళంతా పాత ఆల్బములు దులిపాను. ఉంది! ఓడ ముందు నేను, మొహం గాజుకి అంటించి. ఫ్లాష్ వెలుగు సగం మింగేసింది. కానీ కింద మూలన చిన్న తెల్ల కాగితం, దాని మీద అంకెలు. భూతద్దం పెట్టి చూస్తే నాలుగు అంకెలు తేలాయి, చివరిది 3 కావచ్చు 8 కావచ్చు. రెండూ రాసి పంపించాను.

ఎముకలగూడు | రాత్రి 10:52

ఆ ఫోటో స్కాన్ చేసి వాళ్లకీ ఒకటి ఇవ్వండి. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్ నేషనల్ మ్యూజియం కాలిపోయింది. రెండు కోట్ల వస్తువుల్లో చాలాభాగం బూడిద. ఆ వెంటనే అక్కడి మ్యూజియాలజీ విద్యార్థులు జనాన్ని అడిగిందేంటంటే, మీరెప్పుడైనా లోపల ఫోటోలు తీసుకునుంటే పంపండి అని. సెల్ఫీ వెనక మసకగా కనిపించే వస్తువుకి కూడా లెక్కుంది.

ఇత్తడిదీపం | పంతొమ్మిది రోజుల తర్వాత, సాయంత్రం 4:18

జవాబొచ్చింది. నంబరు చివర 3. రిజిస్టర్లో ఓడ ఉంది: "చెక్క, గుడ్డ, సీసం" అని. (చెదపురుగు గారికి దండం.) గ్యాలరీ నుంచి తీసిన తేదీ కూడా ఉంది. లొకేషన్ కాలమ్ మాత్రం ఖాళీ. "వెతుకుతున్నాం, దొరకగానే తెలియజేస్తాం. మీ దగ్గరున్న ఫోటో నకలు పంపగలరా, మా దగ్గర ఈ వస్తువు ఫోటో లేదు" అని రాశారు.

రిజిస్టర్‌రాత | సాయంత్రం 4:31

ఇప్పుడే పంపండి. రెండు వైపులా స్కాన్ చేసి.